పొలం నుంచి, డ్యూటీ నుంచి రాగానే బిడ్డను ఎత్తుకుంటున్నారా? ముందు ఈ పని చేయండి..

పొద్దున్నే క్యారేజీ కట్టుకుని పసుపు చేలకు, అరటి తోటలకు వెళ్లే తల్లులు కొందరు. తెనాలి ఆటో ఎక్కి ఆసుపత్రికో, బట్టల షాపుకో డ్యూటీకి వెళ్లే తల్లులు ఇంకొందరు. గుంటూరు జిల్లా కొల్లిపర మండలంలో ఏ ఊరికి వెళ్లినా ఈ రెండు రకాల వాళ్లూ కనిపిస్తారు. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి కొంగు పట్టుకుంటారు. ఆ కొంగుకు పొద్దుటి నుంచి ఏమేం అంటుకుందో మాత్రం చాలామంది ఆలోచించరు. పనికి వెళ్లే తల్లుల బట్టల గురించి, పసిపిల్లల సంరక్షణ గురించి రోజూ వచ్చే సందేహాలు, వాటికి జవాబులు ఇవీ..

పని బట్టలతో బిడ్డను ఎందుకు ఎత్తుకోకూడదు?

మందు కొట్టిన చేలో కలుపు తీసినా, ఆకులు కోసినా పురుగుమందు అవశేషాలు చీరకు, చేతులకు అంటుకుంటాయి. వాసన రాకపోయినా, మరక కనిపించకపోయినా అవి ఉండొచ్చు. పసిపిల్లల చర్మం పలచగా ఉంటుంది. చేతికి అందిందల్లా నోట్లో పెట్టుకుంటారు. బరువు తక్కువ కాబట్టి కొద్దిపాటి మందు కూడా వాళ్లకు ఎక్కువే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం యాకిమా లోయలో తోట కూలీల ఇళ్లను పరిశోధకులు పరిశీలించారు. ఇంట్లోని దుమ్ములోనూ, వాళ్లు తిరిగే వాహనాల దుమ్ములోనూ పురుగుమందు అవశేషాలు దొరికాయి. అంటే పొలంలోని మందు బట్టలు, చెప్పుల మీద ఇంటిదాకా వస్తుందన్నమాట.

ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, ఆయాల యూనిఫాంకూ ఇదే లెక్క. అక్కడ అంటేది మందు కాదు, క్రిములు.

ఇంటికి రాగానే ఏం చేయాలి?

చెప్పులు బయటే వదలాలి. బాత్రూమ్ దగ్గర కొక్కేనికి ఉతికిన నైటీ ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. ముందు సబ్బుతో చేతులు, ముఖం, మెడ కడుక్కోవాలి. వీలైతే స్నానం చేయాలి. ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోవాలి, పాలివ్వాలి. పది నిమిషాలు బిడ్డ ఏడుస్తుంది, నిజమే. ఆ కాసేపు నాయనమ్మో, అమ్మమ్మో, నాన్నో ఎత్తుకుంటే తల్లికి ఇబ్బంది ఉండదు. మందు కొట్టి వచ్చిన నాన్నకు కూడా ఇదే నియమం.

పని బట్టలు ఎలా ఉతకాలి?

పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకూడదు. విడి బకెట్‌లో వేసి, ముందు ఒకసారి నీళ్లలో జాడించి పారబోయాలి. తర్వాత వేడినీళ్లు, సబ్బు పొడితో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతికాక ఆ బకెట్‌ను కూడా కడగాలి. కలపని చిక్కటి మందు ఒలికి తడిసిన బట్టను ఉతికి మళ్లీ కట్టుకోవద్దు, పారేయడమే మంచిది.

పసుపు మరకలతో భయం లేదు. సబ్బు తగలగానే మరక ఎర్రబడుతుంది. సబ్బులోని క్షారం వల్ల రంగు అలా మారుతుంది. బాగా జాడించి ఎండలో ఆరేస్తే పసుపు రంగు క్రమంగా వెలిసిపోతుంది.

చేలోకి ఎలాంటి బట్టలు మంచివి?

చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా వేసుకోవడం మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. అది మంచి అలవాటు. ఎండ నుంచి, ఆకుల గీరుడు నుంచి, మందు నుంచి కాపాడుతుంది. నూలు చొక్కా అయితే చెమట పీల్చుకుంటుంది. తలకు గుడ్డ, కాళ్లకు చెప్పులు తప్పనిసరి. పసుపు ఉడకబెట్టే చోట, మెరుగు పట్టే డ్రమ్ముల దగ్గర కొంగు నడుముకు గట్టిగా దోపుకోవాలి. చున్నీ వేలాడనీయకూడదు. తిరిగే యంత్రం గుడ్డ అంచు పట్టుకుంటే మనిషిని లాగేస్తుంది. ఒక ముఖ్యమైన మాట.. మందు కొట్టే రోజు పాలిచ్చే తల్లులు, గర్భిణులు ఆ చేనికి వెళ్లకపోవడమే మేలు.

పాలిచ్చే తల్లి డ్యూటీకి ఏం వేసుకోవాలి?

చీర కట్టేవాళ్లకు ముందు హుక్స్ ఉన్న జాకెట్ సుఖం. వెనుక హుక్స్ ఉన్నవాటితో పాలివ్వడం, పాలు పిండడం రెండూ కష్టమే. డ్రెస్ వేసుకునేవాళ్లు కొత్తవి కొనక్కర్లేదు. పాత కుర్తీలకే ముందువైపు రెండు పక్కలా కనపడకుండా జిప్‌లు కుట్టమని టైలర్‌కు చెబితే సరిపోతుంది. పాలు కారినా తడి కనిపించకుండా ముదురు రంగు ప్రింట్లు పనికొస్తాయి. లోపల మెత్తటి నూలు గుడ్డ మడత పెట్టి, తడవగానే మార్చాలి. బిగుతు బ్రా వద్దు. బిగుతు వల్ల పాలు గడ్డకట్టి నొప్పి రావొచ్చు. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

డ్యూటీలో ఉన్నప్పుడు బిడ్డకు పాలెలా?

మొదటి 6 నెలలు తల్లిపాలే చాలని, ఆ తర్వాత అనుబంధ ఆహారంతో పాటు 2 ఏళ్లు, ఆపైన కూడా పాలివ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పనికి వెళ్లే ముందు చేతులు కడుక్కుని, ఉడికించిన మూత గిన్నెలోకి పాలు పిండి ఉంచొచ్చు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 25 డిగ్రీలలోపు చోట ఆ పాలు 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. మన ఎండాకాలంలో ఇంట్లో అంత చల్లదనం ఉండదు కాబట్టి పిండగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. పొయ్యి మీద కాచకూడదు. వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచితే గోరువెచ్చగా అవుతాయి. పాలసీసా కంటే మన ఉగ్గుగిన్నె శుభ్రం చేయడం తేలిక. బిడ్డ తాగగా మిగిలిన పాలు 2 గంటలు దాటితే పారబోయాలి.

బైక్ మీద బిడ్డతో వెళ్తే?

అంగన్‌వాడీకో, తెనాలి డాక్టర్ దగ్గరికో బైక్ మీద వెళ్లేటప్పుడు చున్నీ, కొంగు చక్రంలో పడే ప్రమాదం ఉంది. వెనుక చక్రం సగమైనా కప్పేలా శారీ గార్డ్ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది. అందం కోసం దాన్ని పీకేయొద్దు. చున్నీ కొసలు వెనక్కి ముడి వేసి కూర్చోవాలి. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం 4 ఏళ్లలోపు పిల్లలకు సేఫ్టీ బెల్ట్, 9 నెలలు దాటితే హెల్మెట్ ఉండాలి. బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

ఇంట్లో ఉండేవాళ్లకు ఏం చెప్పి వెళ్లాలి?

మంగళసూత్రానికి, గాజులకు పిన్నీసులు తగిలించుకోవడం మనలో చాలామందికి అలవాటు. బిడ్డను ఎత్తుకునేవాళ్లు వాటిని తీసి పెట్టాలి. పిల్లలు లాగి మింగేస్తారు. మెడలో తాయెత్తు తాడు, పొడవాటి నాడాలు ఉన్న చొక్కాలు నిద్రపోయేటప్పుడు వద్దు. చీర ఊయలలో బిడ్డను వేసి ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లకూడదు. కాస్త పెద్ద పిల్లలు దాన్ని మెలిపెట్టి ఆడుకుంటే మెడకు చుట్టుకోవచ్చు. పసిబిడ్డ కాళ్లను తిన్నగా చాపి గట్టిగా గుడ్డ చుట్టొద్దు, తుంటి కీళ్లకు మంచిది కాదు. పురుగుమందును కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచొద్దు. బిడ్డకు చొంగ ఆగకుండా కారడం, వాంతులు, విపరీతమైన చెమట, కంటిపాప చిన్నదైపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బానో, లేబులో వెంట తీసుకెళ్లాలి.

సెలవులు, సాయం ఎవరికి ఎంత?

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో సంస్థల్లో పనిచేసేవారికి మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన 26 వారాల సెలవు వచ్చింది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఉంటుంది. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులుంటే శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలి. అక్కడికి తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావొచ్చు. తెనాలి, రేపల్లె, బాపట్లలో పనిచేసే తల్లులు ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ విషయాలు అడగాలి.

రోజుకూలికి చేలోకి వెళ్లే తల్లికి జీతంతో సెలవు దక్కదు. ఆమె కోసం ఉన్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండోసారి ఆడబిడ్డ పుడితే 6,000 రూపాయలు ఇస్తారు. ఊళ్లోని అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా కార్యకర్తనో అడిగితే దరఖాస్తు వివరాలు చెబుతారు. గర్భిణిగా పేరు నమోదు చేయించుకున్నప్పుడే ఈ సంగతి అడిగేస్తే మంచిది. కాన్పయ్యాక పనికి వెళ్లడం కనీసం కొన్ని వారాలైనా వాయిదా వేసుకోవడానికి ఆ డబ్బు పనికొస్తుంది.