ఏడిండ్లలో మనది ఒకటి

2020 మార్చి 24. రాత్రి ఎనిమిది దాటింది. హాల్లో టీవీలో ప్రధానమంత్రి మాట్లాడుతున్నారు. ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజులు లాక్‌డౌన్. బెంగళూరు రామమూర్తినగర్‌లో ఒక రెండో అంతస్తు ఇంట్లో, పిండి తూచే ఎలక్ట్రానిక్ త్రాసు మీద పిల్లికూనను పెట్టి అంకెల కేసే చూస్తోందామె. 140 గ్రాములు. నిన్నటికంటే పది ఎక్కువ.

"ఇది బతుకుతుంది" అంది పైకే.

బెంగళూరులో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పేర్లు తీసేసి, ఆ నెలల్లో వాటిలో నడిచిన బతుకును ఒకే ఇంటి కథగా చెబుతున్నాను.

తల్లి పిల్లి రోడ్డు మీద బండి కింద పడింది. కళ్లయినా తెరవని మూడు కూనలు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అరుస్తుంటే వాచ్‌మన్ చూశాడు. వలంటీరు అమ్మాయి వాటిని బుట్టలో తెచ్చిచ్చి, "నాలుగు వారాలే అక్కా. పాలు మాని తిండికి అలవాటు పడగానే ఎవరికైనా ఇచ్చేద్దాం" అంది. ఆ మాటన్న వారంలోపే ఊరు మూతపడింది.

ఆవుపాలు వాటికి పడవు. విరేచనాలు పట్టుకుంటే ఒక్క పూటలో వాడిపోతాయి. పిల్లికూనల కోసమే ప్రత్యేకంగా పాలపొడి దొరుకుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని, రెండు మూడు గంటలకోసారి పట్టాలి. వెల్లకిలా పెట్టి పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచే పట్టాలి. తాగాక తడి దూదితో కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం వస్తుంది. తల్లి ఉంటే నాలుకతో చేసే పని అది. సీసా నోటికందితే కూన చెవులు రెండూ కదలడం మొదలుపెడతాయి. గుటక గుటకకీ ఓసారి వెనక్కి, ఓసారి ముందుకి. ముందుకాళ్లు లేని తల్లి పొట్టను పిసుకుతున్నట్టు గాల్లో ఆడతాయి. అర్ధరాత్రి రెండు గంటలకు అది చూసిన మనిషికి మళ్లీ నిద్ర పట్టదు.

బూడిదరంగు కూన దక్కలేదు. ఓ రాత్రి పాలు మింగడం మానేసింది. వేడినీళ్ల సీసాకు తువాలు చుట్టి పక్కన పెట్టారు, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తెల్లవారేసరికి చల్లబడిపోయింది. గడప దాటే వీల్లేని రోజులు కదా, మేడ మీద కరివేపాకు తొట్టిలోనే పూడ్చారు. మిగిలిన రెంటికీ ఆ రోజే పేర్లు పెట్టుకున్నారు. ఎర్రది బెల్లం, నల్లది మిరియం.

ఏప్రిల్ 5న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో నాడియా అనే ఆడపులికి కోవిడ్ అని తేలింది. మర్నాడే కింది వాటా వాళ్ల ఫోన్: "ఆ పిల్లుల్ని ఎక్కడైనా వదిలేయండమ్మా." ఆ పులికి జబ్బు మనిషి నుంచే వచ్చి ఉంటుందన్నారని, పిల్లుల నుంచి మనకు అంటిందనడానికి అప్పటిదాకా ఆధారం లేదని ఆమె ఓపిగ్గా చెప్పింది. వాళ్లు ఒప్పుకున్నారో లేదో, మళ్లీ ఫోన్ మాత్రం చేయలేదు.

జంతు సంరక్షణకు పేరున్న ఊరిలో కూనలు ఇళ్లల్లో ఎందుకు పెరగాలని అడగొచ్చు. క్యూపా అనే జంతు సంరక్షణ సంస్థను క్రిస్టల్ రోజర్స్ ఇక్కడే 1991లో మొదలుపెట్టారు. అంతకుముందు ఢిల్లీలో ఒకటి, 1980లో జైపూర్‌లో ఇంకొకటి నెలకొల్పి, వాటిని వేరేవాళ్ల చేతుల్లో పెట్టి వచ్చిన మనిషి ఆమె. అయితే ఎంత మంచి షెల్టరయినా పసికూనలకు ప్రమాదమే. పాన్‌ల్యూకోపీనియా అనే పార్వో జాతి వైరస్ నేలమీద నెలల తరబడి చావదు, టీకా పడని కూనల మందను రోజుల్లో ఊడ్చేస్తుంది. మొదటి టీకాకే కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాలు నిండాలి. అందాకా ఎవరో ఒకరి ఇల్లు కావాలి.

మే, జూన్ గడిచాయి. నీలికళ్లు పసుపుపచ్చగా మారాయి. బెల్లం లాప్‌టాప్ మీదెక్కి పడుకునేది. మిరియమేమో అత్తగారు మడతపెట్టే చీరల మీద కూర్చునేది. పెంచుకుంటామని ఫోన్ చేసినవాళ్లందరికీ ఎర్రదే కావాలి. నల్లది శకునానికి మంచిది కాదట! రెంటినీ కలిపి తీసుకుంటేనే ఇస్తానని ఆమె భీష్మించుకుంది.

చివరికి మల్లేశ్వరం నుంచి ఓ జంట సరేనన్నారు. వాళ్లది ఆరో అంతస్తు. వీడియో కాల్‌లో ప్రతి కిటికీ చూపించమంది. బాల్కనీకి వల ఉంది, బాత్రూమ్ వెంటిలేటర్‌కి లేదు. "అది బిగించాకే" అంది. ఎత్తయిన భవనాల మీంచి పడి చికిత్సకు వచ్చిన 132 పిల్లుల గురించి న్యూయార్క్ పశువైద్యులు 1987లో ప్రచురించారు. చికిత్సతో నూటికి తొంభై బతికాయి, కానీ చాలావాటికి ఛాతీ దెబ్బతింది, దవడలు పగిలాయి. ఇచ్చేముందు ఎంత ఏడ్చినా పర్వాలేదు, వల మాత్రం చూడాల్సిందే. నా దృష్టిలో ప్రేమకు గుర్తు ఆ పట్టుదలే.

జూలై మధ్యలో అప్పగిద్దామనుకున్నారు. 14 నుంచి 22 దాకా బెంగళూరుకు మళ్లీ లాక్‌డౌన్. కబురు వినగానే ఆమెకు పట్టరాని సంతోషం, వెంటనే ఆ సంతోషం చూసి భయం.

"పోనీ, మనమే ఉంచేసుకుందామా?" అన్నాడు భర్త.

ఆ వారమే వలంటీరు ఫోన్. కేఆర్ పురంలో మరో నాలుగు కూనలు, పెట్టడానికి ఇల్లు లేదు. ఉన్నదొక్కటే గది. ఇవి ఉండిపోతే వాటికి చోటు లేదు. ఆమె జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

మదనపల్లె అత్తగారు వెనకే వచ్చింది. "ఏంది మే ఈ ఏడుపు? పిల్లి దాని పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతుందంటారు. దాంట్లో మనది ఒగిల్లు. తిరగాల్సిన ఇండ్లు ఇంకా ఉండాయి. పోనీ."

జూలై చివరి వారంలో పంపించారు. వాటి వాసన పట్టిన పాత దుప్పటి, తినే తిండి, మట్టి తొట్టె కూడా ఇచ్చారు. మొదట్లో ఒకే గదిలో ఉంచమని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పకుండా చేయించమని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు. కొత్తింట్లో రెండూ మంచం కిందకు దూరి బయటకు రాలేదు. అది తెలిసి ఈమె కూడా సరిగ్గా అన్నం తినలేదు. మూడో రాత్రి ఫొటో వచ్చింది, రెండూ ఒకే గిన్నెలో తింటున్నాయి.

"పిల్లి కోసం ఏడుస్తారా ఎవరైనా?" అన్న బంధువులున్నారు. నెలల తరబడి రాత్రులు మేలుకుని బతికించిన ప్రాణం వెళ్లిపోతే ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. "పంపలేక బాధపడతాం, అందుకే తెచ్చుకోం" అనేవాళ్లకు నాదొక్కటే మనవి. ఆ బాధ కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఆ వారాల్లో పాలు దొరకని కూన మాత్రం బతికుండదు.

వేసవిలో మీ సెల్లార్‌లోనూ కూనల అరుపులు వినిపిస్తాయి. వెంటనే ఎత్తుకోకండి. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి, తల్లి తిండి కోసం వెళ్లి ఉండొచ్చు. ఒళ్లు చల్లబడినా, చీమలు పట్టినా, తల్లి రాదని తేలినా అప్పుడు తీసుకోండి. మీ ఇంట్లో ఒక గది నాలుగు వారాలు ఖాళీగా ఉంటుందనుకుంటే, మీ ఊళ్లోని జంతు సంరక్షకులకు వేసవికి ముందే ఆ సంగతి చెప్పి ఉంచండి.