గీత గీసే చెయ్యి ఎవరిది?

విశాఖ రేవులో సరుకు ఎత్తుకుంటున్న ఓడను పక్కనుంచి చూస్తే, నడుమ భాగంలో ఒక వృత్తం, దాన్ని అడ్డంగా కోసే ఒక గీత కనబడతాయి. పక్కనే మెట్లలా మరికొన్ని చిన్న గీతలుంటాయి. మంచినీటికి ఒకటి, ఉష్ణమండల సముద్రానికి ఒకటి, వేసవికీ చలికాలానికీ వేరువేరుగా. ఉప్పునీటికంటే మంచినీరు పలచన కాబట్టి, ఏటి ముఖద్వారంలో సరుకు నింపుకున్న ఓడ కాస్త లోతుకు దిగి, సముద్రంలోకి వెళ్లాక పైకి తేలుతుంది. ఆ తేడాకు కూడా లెక్క ఉంది. దీన్నే ప్లిమ్‌సాల్ గీత అంటారు. దీని చరిత్రను ఒక దయామయుడి విజయగాథగా చెప్పడం పరిపాటి. కానీ ఆ చరిత్రను వరసగా చూస్తే నాకు తోచేది వేరు. గీత ఉన్నంత మాత్రాన నావికుడి ప్రాణానికి పూచీ లేదు. అది ఎక్కడ ఉండాలో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదాని మీదే ఆ ప్రాణం ఆధారపడింది.

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో బ్రిటిష్ ఓడల్లో ఎంత సరుకు వేయాలో యజమాని ఇష్టం. తన ఓడ మునిగితే నష్టం తనదే కదా, ఏ యజమాని మాత్రం చేజేతులా ముంచుకుంటాడు అని అడిగేవారు. ఈ ప్రశ్న సబబుగానే వినిపిస్తుంది. కానీ అప్పటికే బీమా వచ్చింది. పాత ఓడను దాని విలువకు మించి బీమా చేయించడానికి చట్టం అడ్డు కాదు. అలాంటి ఓడ తీరం చేరితే లాభం, చేరకపోయినా నష్టం లేదు. చేరకపోతే పోయేది లోపలి మనుషులే. పైగా ఒప్పందం మీద సంతకం చేసిన నావికుడు ఓడ స్థితి చూసి భయపడి ఎక్కనంటే, అతన్ని జైలుకు పంపేవారు. యజమానులందరూ ఒకే తీరున లేరన్నది కూడా నిజం. సరుకుకు హద్దు పెట్టాలని మొదట గట్టిగా అడిగినవారిలో న్యూకాజిల్ ఓడల యజమాని జేమ్స్ హాల్ ఉన్నాడు. బొగ్గు వ్యాపారం చేసి డెర్బీ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన శామ్యూల్ ప్లిమ్‌సాల్ ఆ మాటనే అందుకున్నాడు. 1873లో 'అవర్ సీమెన్' పుస్తకం వేశాడు. 1875 జులైలో ప్రధాని డిజ్రాయెలీ ఓడలకు సంబంధించిన బిల్లును పక్కన పెట్టేసరికి, సభలోనే పిడికిలి ఊపి కొందరు సభ్యులను దుర్మార్గులన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది గానీ, ఊళ్లలో జనం అతని పక్షాన నిలిచారు.

అతని వ్యతిరేకులందరూ స్వార్థపరులనడం అన్యాయం. 1873లో వేసిన రాయల్ కమిషన్ గీతను కాదనడానికి రెండు గట్టి కారణాలు చూపింది. ఓడల ఆకారాలు వేరు, అన్నిటికీ సరిపడే కొలత దొరకదు. ప్రభుత్వం హద్దు గీస్తే యజమాని బాధ్యత దాని మీదికి జారిపోతుంది. ఈ సందిగ్ధం నుంచే 1876 చట్టం పుట్టింది. ఓడకు గీత ఉండాలంది, ఎక్కడ ఉండాలో మాత్రం యజమానికే వదిలేసింది. పొగగొట్టం మీద గీత గీయించిన కెప్టెన్ ఒకడున్నాడని ఓడరేవుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ నిజమో కాదో గానీ, చట్టం మాత్రం దానికి చోటిచ్చింది. కొలత దొరకదన్న మాటకు సమాధానం లెక్కల్లోనే వచ్చింది. లాయిడ్స్ రిజిస్టర్ 1882లో ఓడ పొడవు, లోతు, నిర్మాణం బట్టి పట్టికలు తయారుచేసింది. 1890లో గీత స్థానాన్ని చట్టమే నిర్ణయించింది. మొదటి చట్టానికీ దీనికీ నడుమ పద్నాలుగేళ్లు గడిచాయి.

అయితే గీత ప్రభుత్వం చేతికి వస్తే చాలునా? 1906లో లాయిడ్ జార్జ్ మంత్రిగా ఉండగా పట్టికలు సవరించి, ఓడలు మునుపటికంటే లోతుగా సరుకు నింపుకోవడానికి వీలిచ్చారు. విదేశీ ఓడలకూ గీత తప్పనిసరి చేసినందున పోటీలో అన్యాయం పోయిందన్న వాదనను నేను కాదనను. కానీ ఆ సర్దుబాటులో ఓడలో పనిచేసేవాడి గొంతు ఎంత? అదే 1906 చట్టం నావికుడి నివాస స్థలాన్ని 72 ఘనపుటడుగుల నుంచి 120కి పెంచి, లాస్కర్లకు మాత్రం ఆ పెంపు లేదంది. 72 అంటే ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న పెట్టె. మన భాషలో సరంగు, కళాసీ అనే మాటలను మిగిల్చిపోయిన ఆ భారతీయ నావికులు వేడి దేశాలవాళ్లు, డెక్ మీదే పడుకుంటారు అన్న వాదన అప్పట్లో వినిపించింది. బొంబాయిలో ఎక్కినవాడు చలికాలం లండన్‌లో దిగుతాడన్న సంగతి ఆ వాదనలో లేదు. ఒకే ఓడలో, ఒకే అలల మీద, మనిషి ఊపిరికి రెండు కొలతలు పెట్టారు. ఆ కొలత రాసిన చోట లాస్కర్ లేడు. దీనికి అంతకుమించిన కారణం నాకు కనబడదు.

1930లో లండన్ ఒప్పందంతో గీత అంతర్జాతీయ నియమమైంది. ఓడలోని మనిషికి సంబంధించిన నియమాలు మాత్రం ఆలస్యంగా ఒకచోటికి చేరాయి. 2006లో జెనీవాలో కుదిరిన సముద్ర కార్మిక ఒప్పందాన్ని ప్రభుత్వాలు, ఓడల యజమానులు, నావికుల సంఘాలు కలిసి రాశాయి. భారత్ 2015లో దాన్ని ఆమోదించింది. పడక, తిండి, విశ్రాంతి గంటలు, వైద్యం అన్నీ అందులో ఉన్నాయి. లోటు తీవ్రమైతే రేవు అధికారి ఓడను కదలనివ్వకుండా ఆపవచ్చు. నావికుడు నేరుగా ఆ అధికారికే ఫిర్యాదు చేయవచ్చు. అతని పేరును అధికారి గోప్యంగా ఉంచాలి.