న్యాయాధిపతి మారుమనస్సు

తెలుగు బైబిలు చదివినవారికి 'మారుమనస్సు' అను మాట సుపరిచితము. గ్రీకు మూలమున నున్న 'మెటనోయా' అను పదమునకు మన భాషలో కుదిరిన చక్కని మాట అది. పశ్చాత్తాపమనగా జరిగిపోయిన దానికై పిమ్మట కలుగు తాపము. మారుమనస్సు అనునది తాపముతో ఆగదు. మనస్సు మరలవలెను, మనస్సుతోపాటు నడత మరలవలెను. హీబ్రూ భాషలో ఈ భావమును తెలుపు ధాతువునకు 'తిరిగి వచ్చుట' అని యర్థము. త్రోవ తప్పినవాడు తప్పితినని దుఃఖించినంత మాత్రమున ఇల్లు చేరడు. వెనుకకు నడచి రావలెను.

క్రైస్తవ విశ్వాసమున దైవతీర్పును మారుమనస్సును విడదీయుటకు వీలులేదు. తీర్పు యుగాంతమున మాత్రమే వచ్చునది కాదు. అది ముందుగా హెచ్చరికయై వచ్చును. నీనెవె నగరము నాశనము కానున్నదని యోనా ప్రవక్త చాటగా, ఆ నగరపు రాజు సింహాసనము దిగి గోనెపట్ట కట్టుకొని బూడిదలో కూర్చుండెననియు, అందుచే ఆ కీడు తప్పెననియు పాత నిబంధన చెప్పుచున్నది. దావీదు కథ ఇంకను తీక్ష్ణమైనది. పేదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను అపహరించిన ధనికుని వృత్తాంతమును నాతాను ప్రవక్త చెప్పగా, రాజు మండిపడి ఆ ధనికుడు మరణపాత్రుడని పలికెను. ఆ ధనికుడు మరెవ్వరో కాదు, రాజేయని ప్రవక్త తెలిపెను. పరునికి చెప్పిన తీర్పు తనకే తగిలెను.

ఇచట ఒక కఠినమైన ప్రశ్న పుట్టుచున్నది. చట్టప్రకారము నియమింపబడి, జూరీ సమక్షమున, తోటి న్యాయాధిపతులతో కలిసి చెప్పిన తీర్పు అన్యాయమని తరువాత తేలినచో, ఆ పాపము ఎవరిది? చట్టముదా, ప్రభుత్వముదా, సాక్షులదా, సంతకము చేసిన వానిదా? కచేరీలలో జీవితము గడుపు మనకు ఇది కేవలము మతసంబంధమైన ప్రశ్న కాదు. దీనికి ఒక న్యాయాధిపతి 1697 జనవరి 14వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున బహిరంగముగా సమాధానము చెప్పెను. ఆయన పేరు సామ్యూల్ స్యూయల్.

ఆ కాలమున మసాచుసెట్స్ ఇంగ్లండు రాజ్యమునకు లోబడిన వలసరాజ్యము. అచట స్థిరపడిన ప్యూరిటనులు తమ సమాజమంతయు దేవునితో ఒక నిబంధన చేసికొన్నదని నమ్మిరి. కావున వ్యక్తి చేసిన పాపమునకు వ్యక్తికే కాక దేశమునకును శిక్ష వచ్చునని వారి భావము. అనావృష్టి, మశూచి, యుద్ధము మొదలగునవి వారికి దైవతీర్పు యొక్క అడుగుల చప్పుళ్లు. అట్టి ఆపద వచ్చినపుడెల్ల ప్రభుత్వము ఉపవాసదినమును ప్రకటించుటయు, జనులు పనులు మాని దేవాలయములలో చేరి తమ దోషములను తలచుకొనుటయు ఆచారము.

1692 ప్రారంభమున సేలం గ్రామమున పాదిరియైన సామ్యూల్ పారిస్ ఇంట ఇద్దరు బాలికలకు వింతయైన మూర్ఛలు వచ్చెను. ఇది చేతబడి యని పెద్దలు నిర్ణయించిరి. ఒకరి పేరు వెంట మరొకరి పేరు బయటికి వచ్చి, నూటయాభైమందికి పైగా చెరసాలల పాలైరి. మే నెలలో క్రొత్తగా వచ్చిన గవర్నరు విలియం ఫిప్స్ ఈ విచారణకై ఒక ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పెను. విలియం స్టౌటన్ ప్రధాన న్యాయాధిపతి. నియమితులైన తొమ్మండుగురిలో స్యూయల్ ఒకడు.

ఆ న్యాయస్థానము చేసిన ఘోరమైన పొరపాటు సాక్ష్యవిషయమున జరిగినది. ముద్దాయి యొక్క ఛాయారూపము వచ్చి తన్ను గిల్లినదనియు గొంతు నులిమినదనియు బాధితులు చెప్పినచో, అది సాక్ష్యముగా గ్రహింపబడెను. ఆ రూపము బాధితులకు తప్ప మరెవ్వరికిని కనబడదు; ముద్దాయి ఆ వేళ వేరొకచోట నుండెనని నిరూపించినను ప్రయోజనము లేదు. జూన్ 10న బ్రిజెట్ బిషప్ అను స్త్రీని ఉరితీసిరి. ఆ తరువాత నతేనియల్ సాల్టన్‌స్టాల్ అను న్యాయాధిపతి ఆ పని తనకు వలదని తప్పుకొనెను. స్యూయల్ తప్పుకొనలేదు. డెబ్బదియేండ్ల వృద్ధురాలైన రెబెకా నర్స్ నిర్దోషియని జూరీవారు మొదట చెప్పగా, ప్రధాన న్యాయాధిపతి మరల ఆలోచింపుడని పంపెను. వారు తీర్పు మార్చిరి, ఆమెను ఉరితీసిరి. హార్వర్డు కళాశాలలో స్యూయల్ కంటె ఒక్క యేడు ముందు పట్టము పొందిన జార్జి బరోస్ అను పాదిరిని సైతము ఆగస్టు 19న ఉరికంబమెక్కించిరి. మొత్తము పందొమ్మిదిమందిని ఉరితీసిరి. విచారణకు ఒప్పుకొనని గైల్స్ కోరీ అను ముదుసలిని బండల క్రింద నొక్కి చంపిరి. చెరలో మరణించినవారు వేరు.

ఈ వృత్తాంతమున మిక్కిలి విషాదకరమైన సంగతి మరియొకటి కలదు. చేతబడి చేసితిమని ఒప్పుకొని ఆ మాటమీద నిలిచినవారిలో ఒక్కరినైనను ఆ యేడు ఉరితీయలేదు. నిర్దోషులమని నిజము చెప్పినవారే చనిపోయిరి. అనగా కల్ల పశ్చాత్తాపము ప్రాణము కాపాడెను, సత్యము ప్రాణము తీసెను. పశ్చాత్తాపమును భయపెట్టి రాబట్టవలెనని చూచిన యేలిక కడకు అబద్ధమునే రాబట్టునని ఇంతకన్న స్పష్టముగ చెప్పు ఉదాహరణము అరుదు. రెబెకా నర్స్ చెల్లెలైన మేరీ ఈస్టీ, మరణశిక్ష పడిన పిదప న్యాయాధిపతులకు ఒక విన్నపము పంపెను. అందు ఆమె తన ప్రాణమును కోరలేదు. ఇకమీద నిర్దోషుల రక్తము చిందకుండునట్లు విచారణ పద్ధతిని మార్చుడని మాత్రమే వేడుకొనెను. ఆమెను సెప్టెంబరు 22న ఉరితీసిరి. అవియే కడపటి ఉరులు. అక్టోబరు నెలాఖరున గవర్నరు ఆ న్యాయస్థానమును రద్దుచేసెను.

పిమ్మట నాలుగేండ్లు మౌనముగా గడచెను. న్యాయాధిపతులెవ్వరును పదవులు కోల్పోలేదు. ఫ్రెంచివారితో యుద్ధము సాగుచుండెను. స్యూయల్ ఇంటను మృత్యువు వదలలేదు. 1696 మే నెలలో ఆయన భార్యకు మృతశిశువు పుట్టెను. డిసెంబరు 23న రెండేండ్ల కూతురు సారా మరణించెను. మరునాడు ఆ బిడ్డ ఇంకను ఇంటనుండగానే, కుటుంబ ప్రార్థనలో కుమారుడు మత్తయి సువార్త పండ్రెండవ అధ్యాయమును లాటిను భాషలో చదివెను. బలి కంటె కనికరమే దేవునికి ఇష్టమనియు, అది తెలిసియున్నచో నిర్దోషులను దోషులుగా తీర్చియుండరనియు క్రీస్తు మందలించిన ఘట్టము అది. ఆ వాక్యము సేలం విషాదమును తన మనస్సునకు తెచ్చినదని స్యూయల్ దినచర్యలో వ్రాసికొనెను. ఎన్నియో మారులు విన్న వాక్యమే. కాని ఆనాడు అది ఆయన మీద తీర్పుగా పడెను.

అంతకు కొద్దిదినములకు పూర్వమే ప్రభుత్వము 1697 జనవరి 14ను ఉపవాసదినముగా ప్రకటించియుండెను. ఆ ప్రకటనలో సేలం ప్రస్తావన లేకపోలేదు. కాని ఇరుపక్షములను పొరపాట్లు జరిగియుండవచ్చునన్న ధోరణిలో, ఆ విషాదము సైతాను రేపినదన్నట్లు అది వ్రాయబడినది. ప్రభుత్వముల భాష అట్లే యుండును. పొరపాటు జరిగినదని చెప్పును, ఎవరు చేసిరో చెప్పదు.

ఆ దినమున బోస్టను దక్షిణ దేవాలయమున స్యూయల్ ఒక కాగితమును పాదిరియైన సామ్యూల్ విల్లర్డు చేతికిచ్చి, తన స్థానమున లేచి నిలబడెను. పాదిరి దానిని సభలో చదువుచున్నంతసేపు ఆయన నిలిచియే యుండెను. ముగిసిన పిదప తల వంచెను. సేలం న్యాయస్థాన విషయమున దోషము తనకు అంటినదని ఎరుగుదుననియు, ఆ నిందను సిగ్గును తాను స్వీకరింప గోరుచున్నాననియు, మనుష్యులు తన్ను మన్నింపవలెననియు, తన పాపమునకై తన ఇంటిమీదగాని దేశముమీదగాని దేవుడు శిక్ష రానీయకుండునట్లు ప్రార్థింపవలెననియు అందలి సారము. అప్పటికి ఆయన వయస్సు నలువదినాలుగేండ్లు. ఊరివారు, బంధువులు, తోటి యుద్యోగులు చూచుచుండిరి.

ఈ పశ్చాత్తాపమును ఎక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు. ఆ కాగితమున చనిపోయినవారి పేరు ఒక్కటియు లేదు. చేతబడి యనునది లేదని ఆయన అనలేదు. ఆయన నిలిచినందున ఉరితీయబడిన వారెవ్వరును తిరిగి రాలేదు. అయినను ప్రభుత్వ ప్రకటనలో లేనిది ఒకటి అందు కలదు: దోషమును తనదిగా ఒప్పుకొన్నవాని పేరు. చట్టము అట్లుండెననిగాని, సాక్షులు మోసగించిరనిగాని, తొమ్మండుగురిలో తానొక్కడనని గాని ఆయన తప్పించుకొనలేదు.

ప్రధాన న్యాయాధిపతి స్టౌటన్ ఆనాడు తాత్కాలిక గవర్నరు పదవిలో నుండెను. ఆయన తన తీర్పులకై బహిరంగముగా ఎన్నడును విచారము తెలుపలేదు. 1701లో అట్లే మరణించెను. కాని జూరీవారిలో పండ్రెండుగురు తాము తెలియక నిర్దోషుల రక్తమునకు కారకులమైతిమని సంతకములు చేసి క్షమాపణ వేడిరి. పండ్రెండేండ్ల ప్రాయమున అనేకులపై నేరము మోపిన ఆన్ పుట్నం 1706లో సేలం గ్రామ దేవాలయమున నిలబడి తన ఒప్పుకోలును చదివించుకొనెను. సైతాను తన్ను భ్రమపెట్టెనని ఆమె చెప్పుకొన్నను, రెబెకా నర్స్ కుటుంబమునకు జరిగిన కీడును ప్రత్యేకముగ పేర్కొనెను.

మనస్సు మరలినదనుటకు నడతయే గురుతు. స్యూయల్ 1700లో నీగ్రోల బానిసత్వమును ఖండించుచు 'యోసేపు అమ్మకము' అను చిన్న పుస్తకమును ప్రచురించెను. న్యూ ఇంగ్లండు ప్రాంతమున అట్టి పుస్తకములలో అది మొదటిది. తరువాత వలసరాజ్యపు ప్రధాన న్యాయాధిపతియై, 1730లో కన్నుమూసెను. ప్రభుత్వము సైతము 1711లో అనేకులపై శిక్షలు రద్దుచేసి, బాధిత కుటుంబములకు సుమారు 578 పౌనులు పరిహారమిచ్చెను. మిగిలినవారి పేర్లు 1957లోను 2001లోను చేసిన శాసనములచే నిర్దోషమైనవి. మరణశిక్ష పడియు ఉరి తప్పిన ఎలిజబెత్ జాన్సన్ పేరు ఒక్కటి మాత్రము మిగిలిపోగా, ఒక పాఠశాల బాలబాలికలు పూనుకొని 2022లో దానిని గూడ కడిగించిరి. ఒక ప్రభుత్వము పూర్తిగా వెనుకకు నడచి వచ్చుటకు మూడువందల ముప్పదియేండ్లు పట్టినది. ఒక మనుష్యునికి నాలుగేండ్లు పట్టినది.

దైవతీర్పును నమ్మువారును నమ్మనివారును మనలో నుందురు. కాని మన చేతిమీదుగా వెళ్లు ప్రతి కాగితము వెనుకను ఒక మనుష్యుడు కలడన్నది ఎల్లరకును ఒక్కటే. నియమములు మనవి కాకపోవచ్చును, పై యుత్తరువులు మనవి కాకపోవచ్చును. అడుగున నున్న సంతకము మాత్రము మనది. ఆ సంతకమును గూర్చి లేచి నిలబడి 'ఇది నాది' అని చెప్పగల ధైర్యమునే తెలుగు క్రైస్తవులు మారుమనస్సు అని పిలిచిరి. ఆ మాట మతమును మించి మనకందరకును పనికివచ్చునది.