మనసు మీద మోపిన నేరం

గద్వాల అనగానే మనకు చీర గుర్తొస్తుంది. కానీ ఆ జిల్లాలోనే, తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురం మ్యూజియంలో, ఆడవాళ్ల చరిత్రను చీరకంటే ఎక్కువగా చెప్పే శిల్పం ఒకటుంది. ఆమెకు తల లేదు, ఆ చోట విచ్చిన తామరపువ్వు. ప్రసవించబోయే తల్లిలా కాళ్లు ఎడంగా మడుచుకుని ఉంటుంది. చాళుక్యుల కాలం నాటిదంటారు. లజ్జాగౌరి అని పేరు. 1956లో స్టెల్లా క్రామ్రిష్ ఈమెను ఋగ్వేదంలోని అదితితో పోలుస్తూ పెద్ద వ్యాసమే రాసింది. పండితుల చర్చ ఎలా ఉన్నా, పిల్లలు లేని ఆడవాళ్లు మాత్రం వెన్న పూసి, కుంకుమ పెట్టి ఆమెకు మొక్కుకునేవారు.

ఆ వెన్నముద్ద వెనక ఎంత దిగులుండేదో! అత్తగారి సణుగుడు, సవతి వస్తుందన్న భయం, పేరంటాల్లో చాటుమాటు గుసగుసలు. కోటల్లో ఉన్నవాళ్లకూ వారసుడి బెంగ తప్పలేదు. దత్తుణ్ణి ఒప్పుకోమంటూ 1854లో తెల్లవాళ్లు ఝాన్సీనే కలిపేసుకున్నారు కదా. నిజాం ఏలుబడిలోని గద్వాలలో రాణులు తామే గద్దె ఎక్కారు. ఆదిలక్ష్మీదేవమ్మ 1924 నుంచి సంస్థానాన్ని నడిపింది. మామూలు ఇంటి కోడలికి గద్దె ఎక్కడిది? ఆమెకు దక్కింది 'గొడ్రాలు' అన్న మాట. మగవాడి విషయంలో అంత జోరైన మాట ఎవరి నోటా వినబడదు. దాదాపు సగం జంటల్లో మగవాడి లోపానికీ వాటా ఉంటుందని వైద్యం చెబుతోంది మరి!

చదువుకున్నవాళ్లూ తక్కువ తినలేదు. 1940, 50లలో కొందరు మనోవిశ్లేషకులు, పిల్లలు కలగని స్త్రీ లోలోపల తల్లి కావడానికి ఇష్టపడటం లేదని తేల్చేశారు. 1978 జులైలో ఇంగ్లండులో, అక్టోబరులో కలకత్తాలో టెస్ట్‌ట్యూబ్ బిడ్డలు పుట్టాక కూడా ఆ నింద పూర్తిగా పోలేదు. ఇప్పుడది తియ్యని సలహా రూపంలో వస్తోంది: "నువ్వు బెంగ పెట్టుకోకు, అదే వస్తుంది."

నిజానికి 2011లో 14 అధ్యయనాలను, 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి చూస్తే, చికిత్సకు ముందున్న దిగులుకీ గర్భం నిలవడానికీ సంబంధం కనిపించలేదు. తీవ్రమైన ఒత్తిడి, ఒళ్లు చిక్కిపోవడం కొందరిలో నెలసరిని ఆపేస్తాయి, అది వేరే సంగతి. దానికి వైద్యం ఉంది. కానీ మామూలు బెంగ నేరం కాదు. పిల్లలు కలగకపోవడం వల్ల వచ్చే బాధను, కలగకపోవడానికి కారణంగా చూపించడం అన్యాయం అని నా ఉద్దేశం.

మరి దిగులుకి మందు అక్కర్లేదా? కావాలి. బిడ్డ పుడుతుందని కాదు, ఆ మనిషి నిద్రపోతుందని. వనపర్తిలోనో నాగర్‌కర్నూలులోనో మీకు తెలిసిన అమ్మాయి పట్నం ఆసుపత్రి నుంచి తిరిగొస్తే "ఏమైనా విశేషమా?" అనకండి. "అన్నం తిన్నావా?" అనండి. ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు ఉంటుంది.