ఆల్కహాల్ సెప్టల్ అబ్లేషన్: చరిత్ర, దీర్ఘకాల ఫలితాలు

గుండె జఠరికల మధ్య గోడ దళసరెక్కి, రక్తం మహాధమనిలోకి వెళ్లే దారికి అడ్డుపడే జబ్బుకు క్యాథెటర్‌తో చేసే చికిత్స ఇది. 1958లో లండన్ పాథాలజిస్టు డొనాల్డ్ టియర్ ఎనిమిది కేసులతో ఈ జబ్బును వర్ణించారు. 1960లలో అమెరికాలో సర్జన్ ఆండ్రూ మారో గుండెను తెరిచి అదనపు కండరాన్ని కోసి తీసే ఆపరేషన్‌కు ప్రాచుర్యం తెచ్చారు. కోత లేకుండా ఆ పని చేసినవారు గుండె వైద్యుడు ఉల్రిచ్ సిగ్వర్ట్. 1994లో లండన్ రాయల్ బ్రాంప్టన్ ఆస్పత్రిలో మొదలుపెట్టి, ముగ్గురు రోగుల ఫలితాలను 1995లో వైద్య పత్రిక ‘లాన్సెట్’లో ప్రకటించారు. గోడకు రక్తమిచ్చే చిన్న ధమనిలో బెలూన్ ఉబ్బించి, ఒకటి నుంచి మూడు మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ వదులుతారు. ఒక్కమాటలో, డాక్టరే కొలతపెట్టి తెప్పించే చిన్న గుండెపోటు. రోగికి ఛాతీలో నొప్పి వస్తుంది, ఆ భాగం చచ్చి, నెలల తరబడి పలచబడుతుంది.

ఇక్కడే అసలు అభ్యంతరం. కత్తితో తీసిన కండరం పోతుంది, ఆల్కహాల్‌తో చంపిన కండరం మచ్చగా మిగులుతుంది. ఆ మచ్చ నుంచి ప్రమాదకరమైన లయదోషాలు పుట్టవా? 2010లో రాటర్‌డామ్ బృందం 91 మందిని పరిశీలించి, ఆపరేషన్ కంటే ఫలితం అధ్వాన్నమని హెచ్చరించింది. కానీ 2012లో అమెరికాలోని మేయో క్లినిక్ 177 మందిలో ఎనిమిదేళ్ల మనుగడ 79 శాతమని, అది అదే వయసు సాధారణ జనంతో సమానమని చూపింది. 2016లో వెసెల్కా బృందం వెలువరించిన యూరప్ రిజిస్ట్రీ 1275 మందిది: నెలలోపు మరణాలు 1 శాతం, పదేళ్ల మనుగడ 77 శాతం, పేస్‌మేకర్ పడ్డవారు 12 శాతం. 77 అనగానే బెంబేలు పడనక్కర్లేదు, ఆ రోగుల సగటు వయసు 58. ఆ లెక్కల్లో నాకు కీలకంగా కనిపించేది వేరు: అడ్డంకి ఎక్కువగా మిగిలినవారిలో మరణాలు ఎక్కువ. మచ్చ భయం కొట్టిపారేయదగ్గది కాదు, కానీ సగం చేసి వదిలేసిన చికిత్స అంతకంటే చేటు. పోనీ ఆల్కహాల్ ఎక్కువ పోద్దామంటే గుండె విద్యుత్ సంకేతాలకు అడ్డుపడే హార్ట్‌బ్లాక్ ముప్పు పెరుగుతుంది. కాబట్టి ఫలితం మందు కంటే చేసే చేతిని, రోగి ఎంపికను బట్టి ఉంటుంది.

హైదరాబాద్‌కు ఈ చర్చ దూరపుది కాదు. డాక్టర్ బి. సోమరాజు బృందం 1997లో నాంపల్లిలో కేర్ ఆస్పత్రి నెలకొల్పింది. ఆయన, అబ్దుల్ కలాం కలిసి చవక స్టెంట్‌ను కూడా రూపొందించారు. అబిడ్స్, నాంపల్లి వాసులకు ఇలాంటి క్యాథెటర్ చికిత్సలు చేసే క్యాథ్‌ల్యాబ్ ఇంటి పక్క మాటయింది. 2009లో నగరంలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ బృందం, గుండె కండర ప్రోటీన్ జన్యువులో 25 అక్షరాల లోపం ఉపఖండంలో సుమారు 4 శాతం మందికి ఉందని తేల్చింది. లోపమున్న అందరికీ జబ్బు రాదు, చికిత్స ఎంపికనూ అది మార్చదు. అయినా యూరప్ అంకెలను మనకు యథాతథంగా అతికించరాదనడానికి అదొక కారణం. ముప్పైయేళ్ల రోగి మరో నలభై ఏళ్లు బతకాలి, ఈ చికిత్స వయసే మూడు దశాబ్దాలు. అందుకే చిన్నవయసువారికి, అనుభవజ్ఞుడైన సర్జన్ దొరికితే, ఆపరేషనే మేలు. పెద్దవయసువారికి, ఇతర జబ్బులున్నవారికి ఆల్కహాల్ సబబైన దారి. 2022లో అమెరికా అనుమతించిన మావాకామ్‌టెన్ మాత్ర మూడో దారి తెరిచింది. ఏ దారి పట్టినా, అడ్డంకి ఎంత మిగిలిందో ఎకోలో మళ్లీ మళ్లీ చూపించుకోవాలి. ఈ జబ్బు వంశపారంపర్యంగా రావచ్చు కాబట్టి తోబుట్టువులకు, పిల్లలకు కూడా ఎకో తీయించండి.