ప్రతిభ కంటే ముందు చిరునామా

కువైట్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పిల్లల చదువు మాట వస్తే ముందుగా వినపడేవి మార్కులు, ర్యాంకులు, కోచింగ్. పిల్లవాడు చురుకైనవాడైతే వాడికి తగిన బడి, తగిన సీటు దానంతట అదే దొరుకుతుందన్న నమ్మకం ఆ మాటల వెనక ఉంటుంది. గత యాభై ఏళ్ల ప్రవేశాల చరిత్ర ఆ నమ్మకాన్ని బలపరచదు. ప్రతిభ గల పిల్లల కోసం ఇక్కడా, మనదేశంలోనూ పెట్టిన ప్రతి ఏర్పాటూ పిల్లవాడి తెలివిని కొలవక ముందే వాడు ఎక్కడివాడు, ఏ ఏళ్లలో ఏ ఊళ్లో చదివాడు అని అడిగింది. తల్లిదండ్రులు తీసుకున్న పెద్ద నిర్ణయాలన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగినవే.

కువైట్ తొలి ఆధునిక పాఠశాల ముబారకియా 1911లో వర్తకుల చందాలతో వెలిసింది. 1946లో చమురు ఎగుమతులు మొదలయ్యాక ప్రభుత్వ విద్య వేగంగా పెరిగింది, 1965 చట్టం కువైటీ పిల్లలకు చదువును నిర్బంధం చేసింది. 1976లో శాస్త్ర పురోగతి సంస్థ, 2010లో దాని ఆధ్వర్యంలో సబా అల్ అహ్మద్ పేరిట ప్రతిభా, సృజనాత్మకతా కేంద్రం వచ్చాయి. ఇవన్నీ ప్రధానంగా తమ పౌరుల పిల్లలను దృష్టిలో పెట్టుకుని కట్టుకున్నవి. ఒక దేశం తన పిల్లల కోసం అలా చేసుకోవడంలో తప్పేమీ లేదు. భారతీయ పిల్లలకు మిగిలిన దారి సొంత బడులే. 1959లో మొదలైన ఇండియన్ కమ్యూనిటీ స్కూల్, తర్వాత వచ్చిన మరికొన్ని సీబీఎస్‌ఈ పాఠశాలలు ఆ అవసరం తీర్చాయి, ఫీజులు కట్టగలిగినవాళ్లకు.

ఆ ఫీజుల కంటే ముందు వీసా ఉంది. మన కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చినవాళ్లలో చాలామందివి ఖాదిం వీసాలు, అంటే కువైట్ నివాస చట్టంలో ఇంటిపనివాళ్లకిచ్చే ఇరవయ్యో ఆర్టికల్ కింద వచ్చే ఆకామాలు (నివాస అనుమతులు). కంపెనీ పనివాళ్లవి షూన్ వీసాలు, పద్దెనిమిదో ఆర్టికల్. పిల్లల్ని తెచ్చుకోవాలంటే కుటుంబ వీసాకు జీతం హద్దు దాటాలి. ఆ హద్దు 250 దినార్ల నుంచి 2016లో 450కి, 2019లో 500కి, 2024 జనవరిలో 800కి ఎక్కింది. ఇంటిపని చేసే అమ్మకు ఆ లెక్క ఎన్నడూ అందదు. ఆమె బిడ్డ ఊళ్లో అమ్మమ్మ దగ్గరే పెరుగుతుంది.

ఇక్కడే నాకు చరిత్ర ఆశ్చర్యంగా కనిపిస్తుంది. ప్రతిభ గల పల్లెటూరి పిల్లల కోసం ముఖ్యమంత్రిగా పి.వి. నరసింహారావు హయాంలో 1971లో సర్వేల్‌లో, 1972లో తాడికొండలో, కొడిగెనహళ్లిలో గురుకులాలు పుట్టాయి. 1986 జాతీయ విద్యావిధానం నవోదయలనే కేంద్ర గురుకులాలను జిల్లాకొకటి చొప్పున తలపెట్టింది. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. తెలుగులోనూ రాయొచ్చు. జీవితంలో ఒకేసారి అవకాశం. అయిదో తరగతి ఆ జిల్లాలోనే చదువుతుండాలి, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణులకు. అంటే వీసా దొరక్క వెనక ఊళ్లో ఉండిపోయిన బిడ్డకే ఈ తలుపు తెరుచుకుంది, కువైట్‌లో ఏసీ తరగతి గదిలో చదివే బిడ్డకు మూసుకుంది. దరఖాస్తు వేయించేవాళ్లు లేకపోతే ఆ తెరిచిన తలుపూ కనపడదు. తల్లీ తండ్రీ దూరదేశంలో ఉన్న ఇంట్లో ఆ ఒక్క ఏడాది గడువు దాటిపోవడం ఎంత సులువో ఊహించుకోవచ్చు.

పై చదువుల దగ్గర ఈ చిరునామా లెక్క మరింత బిగుస్తుంది. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించాయి. స్థానికతకు ప్రధాన గీటురాయి, అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఆ ప్రాంతంలో చదవడం. మరోపక్క 2001-02లో మొదలైన, విదేశాల్లోని విద్యార్థులకు నేరుగా ప్రవేశమిచ్చే డాసా పథకం ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో అదనపు సీట్లు ఇచ్చింది. అందులో మూడో వంతు గల్ఫ్ కార్మికుల పిల్లలకు, మామూలు ఫీజుతోనే. షరతు మాత్రం సరిగ్గా తలకిందులు: పదకొండు, పన్నెండు తరగతులు విదేశంలోనే పూర్తిచేయాలి. ఇంటర్‌కని విజయవాడకో హైదరాబాద్‌కో పంపితే గల్ఫ్ కోటా పోతుంది. పన్నెండు దాకా కువైట్‌లో ఉంచితే స్థానికత పోతుంది. ఎనిమిదో తరగతి ముగిసేసరికి, పిల్లవాడికి ఇంజనీరింగ్ ఇష్టమో వైద్యం ఇష్టమో వాడికే తెలియకముందే, తల్లిదండ్రులు ఏదో ఒక ఒడ్డు ఎంచుకోవాల్సి వచ్చింది. ఇరాక్ సైన్యాలు కువైట్ సరిహద్దు దాటిన 1990 ఆగస్టులోనైతే ఆ ఎంపిక కూడా చేతిలో లేదు. అమ్మాన్ మీదుగా విమానాల్లో తరలిన లక్షమందికి పైగా భారతీయుల్లో బడి పిల్లలకు వరుస ఏళ్ల లెక్క ఒక్క రోజులో తెగిపోయింది.

స్థానిక కోటా అన్యాయం కాదు కదా అని అడగొచ్చు. నిజమే, అన్యాయం కాదు. 1969 తెలంగాణ, 1972-73 జై ఆంధ్ర ఉద్యమాల నేపథ్యంలో వెనుకబడిన ప్రాంతాలకు భరోసాగా వచ్చినది అది, రాయచోటిలో పెరిగిన ఆ ఖాదిం తల్లి బిడ్డకు నేటికీ అండ అదే. దాన్ని తీసేయమనడం సంపన్నులకు తోవ పరచడమే. మిగిలిన 15 శాతం ఉందిగా అనే వాదనా ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు రాష్ట్రంలో ఉన్నా దానికి అర్హతే. కానీ అందులో స్థానికులూ పోటీపడతారు, కాబట్టి అది సన్నని సందు. కువైట్ కుటుంబాలు ఎలాగూ ఉన్నవాళ్లేనన్న మూడో మాట సగమే సరైనది. ఉన్నవాళ్లు డాసాలో కార్మిక కోటా బయట సీటుకు డాలర్లలో ఫీజు కట్టగలరు. జీతం హద్దు ఏదోలా దాటి కుటుంబాన్ని తెచ్చుకున్న టెక్నీషియన్‌కు ఆ దారి లేదు. పైగా లెక్కలు ఆట మధ్యలో మారాయి. డాసాకు శాట్ సబ్జెక్ట్ స్కోర్లు చాలునని సిద్ధమైన పిల్లలకు 2021లో ఆ పరీక్షలే రద్దై జేఈఈ మెయిన్ ప్రామాణికమైంది. తెలంగాణ 2024లో జీవో 33తో వైద్య సీట్ల స్థానికతకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా రాష్ట్రంలోనే చదవాలని పట్టుబట్టింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

పట్టుబడితే మార్పు వస్తుందనడానికీ చరిత్రే సాక్ష్యం. 2020లో కోవిడ్ వేళ నీట్‌కు విదేశాల్లో కేంద్రాలు కావాలని గల్ఫ్ తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకెక్కినా కోర్టు ఒప్పుకోలేదు. మరుసటి ఏడే నీట్ చరిత్రలో తొలి విదేశీ కేంద్రం కువైట్‌లో ఏర్పడింది. ఇప్పుడు అడగాల్సింది కోటా రద్దు కాదు, బతుకుతెరువుకు వెళ్లి వచ్చిన కార్మికుల పిల్లలకు స్థానికతలో ఒక స్పష్టమైన మినహాయింపు. మార్చిన ఏ నిబంధనైనా అప్పటికే తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లలకు వర్తించకూడదు. ఆ రెండూ రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో, కేంద్రం చేతిలో ఉన్నవి. అవి వచ్చేదాకా కువైట్‌లోని తల్లిదండ్రులు బడి ఫలితాల కంటే ముందు నాలుగేళ్ల లెక్క చూసుకోవాలి. ఊళ్లో అయిదో తరగతి బిడ్డ ఉన్న అమ్మలు ఈ ఏటి నవోదయ గడువు ఎప్పుడో ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలి.