కడియము: ఒక గ్రామము, అనేక కచ్చేరీలు

రాజుల వంశావళులను కంఠస్థము చేయు మనము, మన యూరు ఏ తాలూకాకు చేరెనో, దాని లెక్కలెవరు వ్రాసిరో తెలిసికొన యత్నింపము. కాని గృహస్థుని సుఖదుఃఖములు సింహాసనముకంటె గ్రామపు లెక్కల పుస్తకముమీదనే యెక్కువగా ఆధారపడియుండును. రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియము నిందుకు దృష్టాంతముగా గైకొందము.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాచేతను, మరుసటి యేట నిజాముతో జరిగిన సంధిచేతను ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కెను. రైతు నెవ్వరును అడుగలేదు. 1802 ప్రాంతమున శాశ్వత పైసలా అమలు కాగా, శిస్తు చెల్లింపలేని జమీలు వేలమునకు వచ్చెను. కరవులచే కృశించిన ఈ సీమ స్థితిని విచారించి 1844లో హెన్రీ మాంట్‌గోమరీ నివేదిక సమర్పించెను. తరువాత ఆర్థర్ కాటన్ యోజన ఫలించి, ధవళేశ్వరమువద్ద 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. అచ్చటినుండి కాకినాడకు పోవు కాలువ కడియము మీదుగా సాగెను. నీరు వచ్చెను, నీటివెంట నీటితీరువయును, కాలువ యుద్యోగులును వచ్చిరి.

పైయధికారపు హద్దులు తరచుగా మారుచుండెను. 1859లో రాజమహేంద్రవరము జిల్లా పోయి గోదావరి జిల్లా యేర్పడెను. 1925లో అది తూర్పుగోదావరి యయ్యెను. జిల్లా కచ్చేరి కాకినాడలో నుండెను. 1985లో తాలూకాలకు మారుగా మండలములు రాగా కడియము మండలకేంద్ర మయ్యెను. 2022 ఏప్రిలు 4న జిల్లా కేంద్రము రాజమహేంద్రవరమునకు మారెను. ఊరు మాత్రము జానెడైనను కదలలేదు.

కచ్చేరీ లిన్ని మారినను చిరకాలము మారనిది కరణము కలము. ఏ చేను ఎవరిదో, ఎంత శిస్తో, ఎవరి పంట యెండెనో ఆ కలము వ్రాసినదే నిజము. చదువురాని రైతు దానికి చేతులు జోడించి నిలుచుండెడివాడు. చెన్నపురి రాజధానిలో 1895 నాటి శాసనము గ్రామోద్యోగమునకు వారసత్వమును స్థిరపరచెను. గుంటూరు మండలపు గ్రామమునుండి వచ్చిన యొక వ్యాజ్యములో, పుట్టుకనుబట్టి యుద్యోగమిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీముకోర్టు 1960 డిసెంబరులో తీర్పు చెప్పెను. అయినను కరణము, మునసబు పదవులు 1984 జనవరిలో గాని తొలగింపబడలేదు. తీర్పునకును ఆచరణకును నడుమ ఇరువదిమూడేండ్లు గడచెను!

సోదరీమణులారా, ఇందు మనము నేర్వదగినదేమి? 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు అందుకు అనుమతించు శాసనము పుట్టి ఇరువదియైదేండ్లయినది. శాసనము తలుపు తెరచునేగాని లోనికి నడువవలసినవారము మనమే. అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో కుమారులతో సమాన భాగమును మన రాష్ట్రమున చట్టము 1985 సెప్టెంబరునుండియే యిచ్చినది. ఆ భాగము ఎందరి యింట అడంగలులో కెక్కినది? కరణము పోయినాడు, కాని పుస్తకమును తెరచి చూడని యలవాటు మనలో నిలిచియున్నది. ఊరి లెక్కలో మీ యింటి ఆడుబిడ్డ పేరున్నదో లేదో నేడే చూడుడు. గ్రామచరిత్రలో తరువాతి పుటను వ్రాయు కలము ఇప్పుడు మన చేతిలోనిదే.